పంచాయతీ చరిత్ర రాయాలంటే ముందు బీరువా తెరవండి

మాది రేపల్లె వైపు చిన్న పంచాయతీ. గుమాస్తాగా రిటైరయ్యాక ఊరి చరిత్ర రాద్దామని కూర్చుని, "పూర్వం ఒక రాజుగారు..." అని మొదలెట్టి కొట్టేశాను. ఏ రాజో అడిగితే చెప్పేవాళ్లు లేరు మరి.

కార్యదర్శిని బతిమాలి పాత తీర్మానాల పుస్తకాలు తీయించండి. ఇవ్వనంటే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది. మావాటిని సగం చెదలు తినేశాయి. మిగిలిన వాటిలో వీధి లాంతర్లకు కొన్న కిరసనాయిలు ఖర్చు, బందెలదొడ్డి (పొలాల్లో పడ్డ పశువుల్ని కట్టేసే దొడ్డి) వేలంపాట, పాట పాడుకున్నాయన బాకీ పెట్టడం, ఆయనకు మూడుసార్లు నోటీసు! రాజుగారి కథ కంటే నాకిదే రుచిగా ఉంది.

తేదీ ఉన్న మూల చిరిగిపోతే తీర్మానంలో ఏ చట్టం పేరుందో చూడండి. 1950 మద్రాసు పంచాయతీ చట్టమైతే పాతది, 1964 చట్టమైతే మధ్యకాలం, 1994 చట్టమైతే ఈమధ్యది.

పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడక్కండి, చెప్పలేరు. "అత్తా, బడి కట్టేటప్పటికి మీవాడెంత?" అనండి. "ఉప్పెనకి చంకలో ఉన్నాడురా, బడి కట్టేటప్పుడు ఇటుకలు మోశాడు" అంటుంది. ఉప్పెన 1977 నవంబరు 19. అక్కణ్ణించి వేళ్లమీద లెక్కే. "సమితి రోజులు" (పంచాయతీ సమితులున్న కాలం) అంటే 1959 తర్వాత, మండలాలు రాకముందు. "కరణాలు పోయిన ఏడు" (ఊరి భూముల లెక్కలు రాసే కరణం ఉద్యోగాలు రద్దయిన ఏడు) అంటే 1984. "మండలాలొచ్చాక" అంటే 1985 తర్వాత.

నేను బోర్లాపడింది జనాభా లెక్కల దగ్గర. జనగణన రెవెన్యూ గ్రామం వారీగా ఉంటుంది. మా రెవెన్యూ గ్రామంలోనే పక్క పాలెం కూడా ఉంది, దానికి వేరే పంచాయతీ. వాళ్ల జనాన్నీ మా ఖాతాలో వేసేశాను. ముందు మీ హద్దులేవో అడిగి తెలుసుకోండి.

శిలాఫలకం మీద సున్నం కొట్టేసి ఉంటే గోకొద్దు. తడిగుడ్డతో తుడిచి, సాయంత్రం ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి. అందులో ఉండేది ప్రారంభోత్సవం తేదీ. కట్టడం ఎప్పుడు మొదలైందో మళ్లీ తీర్మానాల్లోనే వెతకాలి.

అచ్చుకిచ్చే ముందు రచ్చబండ దగ్గర పైకి చదవండి. నేను చదివితే మంచినీళ్ల బావి తవ్వించినాయన పేరు దగ్గర ఇద్దరు లేచారు. ఇద్దరి మాటా రాసుకుని, మళ్లీ బీరువా దగ్గరికెళ్లాను.