పెరూజియా వెళ్తే ఊరంతా పొద్దున్నే చూసేయండి

ఇటలీలోని పెరూజియాలో ఏటా వసంతంలో జరిగే అంతర్జాతీయ జర్నలిజం ఫెస్టివల్‌కి టికెట్టూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. ఎవరైనా నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. చిక్కల్లా సీటు దగ్గరే: ముందొచ్చినవాళ్లదే. తప్పక వినాలనుకున్న సెషన్లు రోజుకి రెండే ఎంచుకుని, వాటికి అరగంట ముందే చేరుకోండి. మిగతావి దొరికితే దొరికినట్టు.

ఊరు చూడటానికి వేరే రోజు పెట్టుకోనక్కర్లేదు. హాళ్లన్నీ పాత ఊళ్లోనే, నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. సెషన్లు మొదలయ్యేలోపు పెద్ద చౌకులో ఉన్న ఫోంతానా మజ్జోరే దగ్గరికి వెళ్లండి. 13వ శతాబ్దంలో నికోలా పిసానో, ఆయన కొడుకు జొవాన్ని చెక్కిన ఫౌంటెన్ అది. గబగబా ఫొటో తీసుకుని వచ్చేయకండి, కింది తొట్టి చుట్టూ నెమ్మదిగా తిరగండి. ఏడాదిలో ఒక్కో నెలకి, ఆ నెలలో చేసే పనుల బొమ్మలు చెక్కిన రెండేసి పలకలు: జూన్‌లో పంటకోత, సెప్టెంబర్‌లో ద్రాక్ష తొక్కడం. రాజుల కన్నా రైతుల పని చూపించిన ఆ పలకలంటే నాకు ఎంతో ఇష్టం.

పక్కనే ఉన్న సాలా దెయ్ నోతారీ అనే పాత హాల్లో కూడా సెషన్లు జరుగుతాయి. అందులో కూర్చున్నప్పుడు ఒకసారి తలెత్తి కమానుల మీది బొమ్మలు చూడండి.

కింద బస్టాండు వైపు నుంచి పైకి వచ్చే ఎస్కలేటర్లు రోక్కా పావొలీనా కోట లోపలినుంచే వెళ్తాయి. 1540 తర్వాత పోప్ మూడో పాల్ పాత ఇళ్ల మీదే కట్టించిన కోట అది. ఆ ఇళ్ల గోడలు, సందులు ఇప్పటికీ లోపల అలాగే ఉన్నాయి, దారిలోనే చూసెయ్యొచ్చు.

బూట్లు మాత్రం మెత్తనివి వేసుకోండి, అన్నీ ఎత్తుపల్లాలే.