విజయనగరంలో కూర్చుని లెఖ్ పోజ్నాన్ ఆటను దాని అభిమానుల పద్ధతిలో చూడడం ఎలా

పోలండ్ ఫుట్‌బాల్ క్లబ్ లెఖ్ పోజ్నాన్ ఆటను మిత్రులతో కలిసి చూడదలచినవారు ముందుగా వేళ సరిచూసుకోవాలి. మన గడియారం పోలండ్ కంటే వేసవిలో 3.5 గంటలు, చలికాలంలో 4.5 గంటలు ముందుంటుంది కనుక, అక్కడ రాత్రి 8 గంటలకు మొదలయ్యే ఆట ఇక్కడ 11:30కో, 12:30కో పడుతుంది.

క్లబ్ రంగులు నీలం, తెలుపు. 1922లో పుట్టిన ఈ క్లబ్ తరువాతి కాలంలో రైల్వేతో పెనవేసుకుపోవడంతో, అభిమానులు నేటికీ దీనిని ‘కొలెయోష్’ అని, అంటే రైల్వేవాడని, ముద్దుగా పిలుస్తారు. రైల్వే కాలనీల్లో పెరిగిన మన పిల్లలకు ఇది వెంటనే నచ్చుతుందని నా నమ్మకం.

ఇక అసలు విషయం లెఖ్ అభిమానుల గెంతులు. అందరూ ఒకే వరుసలో టీవీకి వీపు పెట్టి నిలబడి, ఇరుపక్కలవారి భుజాలపై చేతులు వేసి, పాదాలన్నీ ఒకేసారి లేచేలా గెంతాలి. ఒకరు పాట అందుకుంటే లయ తప్పదు. కొత్తవారికి వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది; గోల్ పడుతున్నా సరే, చూడకూడదు. 2010 అక్టోబరులో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ సిటీ చేతిలో దాని సొంత ఊళ్లో లెఖ్ 3-1తో ఓడినప్పటికీ, ఈ గెంతులు చూసిన సిటీ అభిమానులు వాటిని తామూ నేర్చుకుని ‘పోజ్నాన్’ అని పిలవసాగారు.

అర్ధరాత్రి మేడ మీద గెంతితే కింది వాటావారు ఊరుకోరు కాబట్టి, టీవీని పెరట్లోకి తెచ్చుకోవడం మేలు.