చిన్న పూలకూజాల అడుగున ధర చీటీ జిగురు వదలాలంటే

స్వీడన్‌లో 'లొప్పిస్' అని పిలిచే పాత సామాను సంతల్లో కొన్న బుల్లి స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి) కూజాల అడుగున ధర చీటీ గట్టిగా అంటుకుని, అక్కడి గుస్తావ్స్‌బెర్గ్ పింగాణీ కార్ఖానా కళాకారుడు బెర్న్ట్ ఫ్రీబెర్గ్ (1899–1981) మట్టిలో గీసిన సంతకాన్ని సైతం కప్పేస్తుంది. నూనె రాస్తే జిగురు కరుగుతుంది గాని, గ్లేజు (గాజులాంటి నునుపు పూత) లేని అడుగు ఆ నూనెను పీల్చుకుని మరకపడుతుంది.

అందుకు బదులు హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో ఉంచి, సుమారు 15 సెంటీమీటర్ల దూరం నుంచి అర నిమిషం చీటీపై గాలి తగలనిచ్చి, ఒక మూల నుంచి గోటితో నెమ్మదిగా లాగితే అది చాలావరకు ఒకే ముక్కగా వస్తుంది. మిగిలిన జిగురును పెన్సిల్ గీతలు చెరిపే మెత్తని తెల్ల రబ్బరుతో ఒకే దిశలో రుద్దితే ఉండలు కట్టి రాలిపోతుంది. తయారీదారు అతికించిన అసలు చీటీ ఉంటే మాత్రం దాన్ని తాకకండి. అది ఆ వస్తువు పుట్టుకకు ఆధారం.

అంచు విరిగితే అతికించి రంగు వేసిన కూజాలపై ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే వేడికి ఆ అతుకు మెత్తబడి ఊడిపోవచ్చు.