చేనేత బట్ట మీద అచ్చు వేసే ముందు

ఈ సూచనలు ఇంట్లో చెక్క అచ్చులు, పిగ్మెంట్ రంగులతో వేసేవాళ్ల కోసం. పెడనలో కరక్కాయ, పటికలతో చేసే కలంకారీ పద్ధతి వేరు, దాన్ని దీనితో కలపకండి.

• ముందు గంజి వదలాలి. కొత్త చేనేత బట్టను గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరేయండి. ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే సరే. ముత్యంలా నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టే, మళ్లీ ఉతకాల్సిందే. నేనోసారి బద్ధకించి కుర్తా మీద అలాగే అచ్చు వేశాను. రెండో ఉతుకుకే మామిడి పిందెలు సగం బకెట్లో తేలాయి!

• కుదిరితే కుట్టించకముందే వేయండి. కుట్టు మీద అచ్చు సమంగా కూర్చోదు. కుట్టేసినదైతే లోపల అట్ట పెట్టండి, లేకపోతే రంగు వెనక్కి దిగుతుంది.

• బల్ల మీద పాత దుప్పటి నాలుగు మడతలు పరిచి, బట్టను పిన్నులతో బిగించండి.

• అచ్చు సందుల్లో పాత రంగు ఉంటే టూత్‌బ్రష్‌తో తీసేయండి.

• ఫ్యాన్ ఆపండి. లేకపోతే అచ్చుకు రంగు అద్దుకునే ప్యాడ్ మీద రంగు ఎండిపోతుంది.

• బొమ్మ అంచులు వేసే గీత అచ్చు ముందు, లోపల రంగు నింపే అచ్చు తర్వాత. రెండూ కలుస్తున్నాయో లేదో పాత గుడ్డ మీద చూసుకోండి. ప్యాడ్ మీద రంగు ఎక్కువైతే గీతలు అలుక్కుపోతాయి.

• చేతికి గ్లౌజులు, ఒంటికి పాత చొక్కా.