కరివేపాకు మీద పురుగు కనిపిస్తే దులపకండి

మాది అనంతపురం. వేసవి వస్తే నీళ్లకు కటకటే. అందుకే పెరట్లో మొక్కల మధ్య మట్టి కుండలు పాతాను. రంగు వేయని కుండను మూతి మాత్రమే పైకి కనిపించేలా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి, లేకపోతే దోమలు చేరతాయి. కుండ చెమర్చిన కొద్దీ వేళ్లకు తడి అందుతుంది. నాకు మూడు నాలుగు రోజులకోసారి నింపితే సరిపోతోంది. చుట్టూ ఎండుటాకులు బెత్తెడు మందాన పరవండి. బియ్యం కడిగిన నీళ్లూ మొక్కలకే.

సీతాకోకచిలుకలకు పూలు ఒక్కటే చాలవు, గుడ్లు పెట్టడానికి ఆకు కావాలి. తంగేడు, జిల్లేడు, నిమ్మ, కరివేపాకు పెంచండి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా జాగ్రత్త. కరివేపాకు మీద పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు మచ్చలతో ఏదైనా కనిపిస్తే అది గొంగళిపురుగే. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి చిన్న కొమ్ముల్లాంటివి బయటికొచ్చి ఘాటు వాసన వేస్తాయి. నిరుడు ఒక కొమ్మ మొత్తం తినేస్తే అమ్మ చాలా బాధపడింది. కొన్నాళ్లకే మళ్లీ చిగురు వేసింది. ఆ మొక్కల దగ్గరికి పురుగుమందే కాదు, వేపనూనె కూడా తేవద్దు.

నీడలో ఒక మట్టి మూకుడు పెట్టి నీళ్లు పోయండి, అందులో నాలుగు గులకరాళ్లు వేయండి. పిట్టలు తాగుతాయి, తేనెటీగలు రాళ్ల మీద వాలతాయి.