కతోలిక విచారణలో (పారిష్‌లో) పిల్లల జ్ఞానోపదేశం: మొదటిసారి క్లాసు తీసుకునేవాళ్ళకి

పూజ అయ్యాక ఫాదర్ గారు పిలిచి "వచ్చే ఆదివారం నుంచి పిల్లల జ్ఞానోపదేశం మీరే చూసుకోవాలి" అన్నారా? చేతిలో ఒక పుస్తకం, గది తాళంచెవి, ముప్ఫై మంది పేర్లున్న కాగితం పెట్టారా? టెన్షన్ పడకండి. నాకూ ఇలాగే మొదలైంది. మొదటి ఏడాది చాలా తప్పులు చేశాను, వాటిలో కొన్నింటికి పిల్లలు బాధపడ్డారు కూడా. అందుకే మీకు ముందుగానే చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా మనసులో పెట్టుకోవాల్సింది ఒక్కటే. ఇది వారంలో ఆరో రోజో ఏడో రోజో ఇంకో బడి కాదు. పిల్లలు పాఠం నేర్చుకుని వెళ్తే సరిపోదు, యేసుప్రభువుతో మాట్లాడటం అలవాటై వెళ్ళాలి. ప్రశ్నలు, జవాబులు, జపాలు, పండుగలు అన్నీ దానికోసమే. నేను ఏ పని చెప్పినా ఈ లెక్కలోనే చెప్తున్నానని గుర్తుపెట్టుకోండి.

క్లాసు మొదలవక ముందే తల్లిదండ్రుల్ని కలవండి. శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం కూడా పిల్లల విశ్వాస బాధ్యత అందరికంటే ముందు తల్లిదండ్రులదే అంటుంది, విచారణ గురువు, మనం ఆ తర్వాతే. వారానికి గంటసేపు మన దగ్గర ఉండే పిల్లకి మిగతా గంటలన్నీ ఇంట్లోనే కదా గడిచేది. ఇంట్లో ఎవరూ సిలువ గుర్తు వేసుకోకపోతే, మనం ఎంత బాగా చెప్పినా అది "గుళ్ళో చేసే పని"గానే మిగిలిపోతుంది. కాబట్టి మీటింగ్ పెట్టి ఉపన్యాసం ఇవ్వకుండా, చిన్న పని ఒకటి అడగండి. రాత్రి పడుకునే ముందు పిల్ల నుదుటి మీద సిలువ గుర్తు వేయమనండి, అంతే. చదువు రాని అమ్మ అయినా, అలసిపోయి వచ్చిన నాన్న అయినా చేయగలిగిన పని అది.

ఆ మొదటి మీటింగ్‌లోనే కాగితాల పని కూడా అయిపోవాలి. జ్ఞానస్నానం ఎక్కడ, ఎప్పుడు జరిగిందో రాసుకోండి. వేరే విచారణలో జరిగి ఉంటే సర్టిఫికెట్ అప్పుడే అడగండి, లేకపోతే ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని మొదటిసారి తీసుకోవడానికి) వారం ముందు పరుగులు పెట్టాల్సి వస్తుంది. పిల్లని ఎవరు తీసుకెళ్తారో, ఏమైనా అలర్జీలున్నాయో కూడా అడగండి. గోధుమ పడని పిల్లలుంటే భయపడాల్సిన పనిలేదు. గ్లూటెన్ చాలా తక్కువగా ఉండే అప్పాలు దొరుకుతాయి, వాటిని వాడటానికి శ్రీసభ అనుమతి ఉంది. అదీ కుదరకపోతే ద్రాక్షారసం రూపంలో మాత్రమే స్వీకరించవచ్చు. ఈ సంగతి ఫాదర్ గారికి కొన్ని నెలల ముందే చెప్పి పెట్టండి.

ఇక పిల్లల్ని అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి. ఏడేళ్ళ లోపు పిల్లలకి కథ, పాట, సిలువ గుర్తు చాలు, ఇరవై నిమిషాలు దాటితే వాళ్ళు మన మాట వినరు, అది వాళ్ళ తప్పు కాదు. ఏడు నుంచి తొమ్మిది వరకు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), దివ్యసత్ప్రసాదం కోసం తయారయ్యే వయసు. పది దాటినవాళ్ళకి వివరాలు కావాలి, బైబిల్లో మొత్తం 73 పుస్తకాలు, పాత నిబంధనలో 46, కొత్త నిబంధనలో 27 అని చెప్తే వేళ్ళతో లెక్కపెట్టి మరీ చూస్తారు. పెద్దపిల్లల గురించి చివర్లో చెప్తాను.

గంటసేపు ఏం చేయాలి? పుస్తకంలోని అధ్యాయం పూర్తి చేయాలన్న ఆరాటం వదిలేయండి. ఒక్క కథ, ఒక్క మాట, ఒక్క ప్రార్థన, అంతే. గదిలో ఒక మూల చిన్న బల్ల వేసి, గుడ్డ పరిచి, తెరిచిన బైబిలు, కొవ్వొత్తి పెట్టండి. ఆ గుడ్డ రంగు పూజలో గురువు వేసుకునే వస్త్రం రంగుతో కలవాలి. ఆగమన కాలంలో (క్రిస్మస్‌కి ముందు వారాలు), తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు వారాలు) ఊదా, క్రిస్మస్‌కి, పాస్కాకి (ఈస్టర్‌కి) తెలుపు, పెంతెకోస్తుకి (పవిత్రాత్మ దిగివచ్చిన పండుగకి) ఎరుపు, సామాన్య కాలంలో ఆకుపచ్చ. గుడ్డ మార్చే పని వంతులవారీగా పిల్లలకే ఇవ్వండి. ఆరాధనా సంవత్సరం గురించి నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినప్పుడు ఎవరికీ ఎక్కలేదు, గుడ్డ మార్చడం మొదలుపెట్టాక "టీచర్, ఇవాళ ఊదా కదా" అని వాళ్ళే వచ్చి నాకు చెప్పేవాళ్ళు.

కథ చెప్పే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1954లో రోమ్‌లో సోఫియా కావల్లెట్టి అనే బైబిల్ పండితురాలు, జియాన్నా గొబ్బి అనే మాంటిస్సోరి టీచర్ కలిసి పిల్లలకి ఉపదేశం చెప్పడంలో ఒక దారి మొదలుపెట్టారు, మంచి కాపరి పేరుతో ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. అందులో నేను తీసుకున్నది ఒక్క విషయం: చిన్న చిన్న బొమ్మలు చేతికిచ్చి, కథని సువిశేషంలో ఉన్న మాటలతోనే నెమ్మదిగా చెప్పి, తర్వాత నోరు మూసుకోవడం. మనం అర్థం విప్పి చెప్పేయకూడదు. లూకా 15లోని తప్పిపోయిన గొర్రె కథ ఒకసారి ఇలాగే చెప్పాను. అట్టముక్కలతో గొర్రెల్ని కత్తిరించి, దారంతో దొడ్డి కట్టి, కాపరి వెళ్ళి ఒక్కదాన్ని భుజాన వేసుకుని వచ్చేదాకా చూపించి ఆగిపోయాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్ల "మిగతా తొంభై తొమ్మిదీ ఏడ్చాయా టీచర్?" అంది. దానికి నేను జవాబు వెతుక్కుంటుంటే, ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు వెనక నుంచి "ఆ గొర్రె అరిచి ఉంటది, అందుకే దొరికింది" అన్నాడు. నేను రాసుకొచ్చిన నోట్స్‌లో ఆ మాట లేదు. ఆ రోజు ప్రార్థన దాని మీదే చేశాం, ప్రతి పిల్లా తను ఎప్పుడు భయపడి అరిచిందో మనసులో ప్రభువుకి చెప్పుకుంది.

అలాగని కంఠస్థం వద్దని నేను అనను. ఈమధ్య చాలామంది "బట్టీ పట్టించకూడదు" అంటుంటారు, నేను ఒప్పుకోను. పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం, విశ్వాస సంగ్రహం (మనం నమ్మేవాటిని వరుసగా చెప్పే జపం), పశ్చాత్తాప జపం పిల్లలకి నోటికి రావాలి. మాటలు దొరకని కష్టం వచ్చినప్పుడు మనిషికి ఆసరా అయ్యేవి చిన్నప్పుడు నేర్చుకున్న ఈ జపాలే. కాకపోతే వారానికి ఒక్క వాక్యం చొప్పున, అర్థంతో నేర్పండి. గడగడా విశ్వాస సంగ్రహం అప్పజెప్పిన ఒక బాబు అంతా అయ్యాక "పిలాతు మంచోడా టీచర్? రోజూ ఆయన పేరు చెప్తున్నాం కదా" అని అడిగాడు. అప్పటికి ఆ జపం నేర్పి రెండు నెలలైంది! యేసు నిజంగా ఒక కాలంలో, ఒక అధికారి పాలన కింద చనిపోయాడని చెప్పడానికే ఆ పేరు అక్కడ ఉందని ఆ రోజు చెప్పాను, ముందే చెప్పి ఉండాల్సింది.

మీరు తయారవడానికి ఒక దారి చెప్తాను. 1992లో రెండో జాన్ పాల్ పోపు గారు వెలువరించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో నాలుగు భాగాలున్నాయి: మనం ఏం నమ్ముతాం, దివ్యసంస్కారాల్లో (జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం లాంటివాటిలో) దాన్ని ఎలా జరుపుకుంటాం, ఎలా బతుకుతాం, ఎలా ప్రార్థిస్తాం. మొత్తం 2865 పేరాలు, అన్నీ చదవమని కాదు, రేపటి పాఠానికి సంబంధించిన నాలుగైదు పేరాలు శనివారం రాత్రి చదువుకుంటే చాలు, పిల్లలు అడ్డం తిరిగిన ప్రశ్న వేసినప్పుడు కాళ్ళ కింద నేల ఉన్నట్టుంటుంది. అయినా తెలియని ప్రశ్న వస్తుంది. "ఫాదర్ గారిని అడిగి వచ్చే వారం చెప్తాను" అనండి, చెప్పినట్టే వచ్చే వారం మీరే గుర్తుపెట్టుకుని చెప్పండి. తాతయ్య చనిపోయిన పిల్ల "తాతయ్యకి నేను కనిపిస్తున్నానా" అని అడిగినప్పుడు మాత్రం వాయిదా వేయకండి, పక్కన కూర్చుని ఆయన పేరు చెప్పి ఇద్దరూ కలిసి ప్రార్థన చేయండి.

ఇప్పుడు పాపసంకీర్తనం. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి. 1910లో పునీత పదో పయస్ పోపు గారు, పిల్లలకి మంచీ చెడూ తెలిసే వయసు, అంటే దాదాపు ఏడేళ్ళు వస్తే దివ్యసత్ప్రసాదం ఇవ్వవచ్చని తేల్చి చెప్పారు, అంతకుముందు చాలాచోట్ల పన్నెండేళ్ళ దాకా ఆపేవాళ్ళు. సత్ప్రసాదానికి ముందు పాపసంకీర్తనం చేయించాలి. ఏడేళ్ళ పిల్లకి ఇది పెద్ద విషయం, చీకట్లో ఒక పెద్దమనిషికి తప్పులు చెప్పుకోవడం కదా. మొదటి ఏడాది నేను పిల్లల చేత తప్పులన్నీ కాగితం మీద రాయించాను, మర్చిపోకుండా ఉంటారని. ఒక పాప కాగితం బెంచీ మీద మర్చిపోయింది. ఇంకో పిల్ల దాన్ని తీసి అందరి ముందు చదివింది. ఆ పాప ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను, ఆ తర్వాత కొన్ని వారాలు క్లాసుకి రాలేదు. ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. అప్పటినుంచి నా క్లాసులో ఎవరూ పాపాలు రాయరు, బయటికి చెప్పరు, నేను అడగను.

దానికి బదులు ఇలా చేయండి. ఖాళీ గుళ్ళోకి తీసుకెళ్ళి పాపసంకీర్తన స్థలం చూపించండి. లోపల కూర్చోనివ్వండి, తలుపు తీసి మూయనివ్వండి. ఫాదర్ గారిని రమ్మని పిలిచి, ఆయన ఎక్కడ కూర్చుంటారో, ఏం అంటారో ఆయన నోటితోనే చెప్పించండి. ఆయన విన్నది ఎవరికీ, ఎప్పుడూ, అమ్మానాన్నలకి కూడా చెప్పరని స్పష్టంగా చెప్పాలి, అది శ్రీసభ చట్టంలో చాలా కఠినమైన నియమం. జపం మధ్యలో మర్చిపోతే ఫాదర్ అందిస్తారని చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది. ఆత్మశోధనకి ఆజ్ఞల జాబితా కంటే "ఈ వారం ఎవరిని ఏడిపించాను, ఎవరికి సాయం చేయగలిగి కూడా చేయలేదు" అన్న ప్రశ్నలు పిల్లలకి అందుతాయి. నరకం పేరు చెప్పి భయపెట్టకండి. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తుకొచ్చాడని చెప్పండి. ఒక్క విషయం మాత్రం ఖచ్చితంగా చెప్పాలి: ఎవరైనా నిన్ను బాధపెట్టినా, తాకకూడని చోట తాకినా అది నీ పాపం కాదు.

ఈ మాట వచ్చింది కాబట్టి, భద్రత విషయం. క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి. పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకండి, తల్లిదండ్రుల గ్రూపులోనే పెట్టండి. పిల్ల ఏదైనా చెప్తే నమ్మి వినండి, "ఎవరికీ చెప్పను" అని మాట మాత్రం ఇవ్వకండి, సాయం చేసేవాళ్ళకి చెప్పాల్సి ఉంటుంది. ఎవరి మీదైనా సరే, ఎంత పెద్దవాళ్ళ మీదైనా సరే, లోపల సర్దేయాలని చూడకుండా చట్టం చెప్పినట్టు ఫిర్యాదు చేయండి.

దివ్యసత్ప్రసాదానికి ముందు, పూజలో ఇంకా పవిత్రపరచని మామూలు అప్పం పిల్లలకి రుచి చూపించండి. ఆ రోజు మొదటిసారి నోట్లో పెట్టుకుని, అంటుకుపోతే మొహం అదోలా పెట్టేవాళ్ళని చూశాను. అప్పుడు ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. నాలుక మీద తీసుకోవడం, చేతుల్లో తీసుకోవడం రెండూ, అక్కడ అనుమతి ఉన్నదాన్ని బట్టి, నేర్పండి. గురువు "క్రీస్తు శరీరం" అనగానే "ఆమెన్" అని గట్టిగా అనాలి. గంట ముందు నుంచి నీళ్ళు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదు. బట్టలు, ఫోటోల హడావిడి గురించి తల్లిదండ్రులతో ముందే మాట్లాడండి, ఏ పిల్లా ఆ రోజు తక్కువగా అనుకోకూడదు.

వైకల్యం ఉన్న పిల్లల్ని పక్కన పెట్టకండి. 2020లో రోమ్ నుంచి వచ్చిన ఉపదేశ మార్గదర్శి కూడా వాళ్ళకి దివ్యసంస్కారాలు ఎవరూ నిరాకరించలేరంటుంది. మాటలు రాని ఒక బాబుకి మేము రెండు చిత్రాలతో నేర్పాం, ఒకటి ఇంట్లో భోజనం బల్ల, ఇంకోటి బలిపీఠం. కొన్ని నెలలకి అప్పం బొమ్మ చూపించగానే వేలు బలిపీఠం మీద పెట్టి, రెండు చేతులు జోడించేవాడు. ఫాదర్ గారు అది చూసి, వీడు సిద్ధంగా ఉన్నాడు అన్నారు.

పెద్దపిల్లల సంగతి. భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం, కన్ఫర్మేషన్) అవ్వగానే కనిపించకుండా పోతారని అందరి బాధ. వాళ్ళకి ఇంకో పాఠం కాదు, పని ఇవ్వండి. పూజలో బైబిల్ పఠనాలు చదవడం, పీఠ సేవ (బలిపీఠం దగ్గర గురువుకి సాయం చేయడం), పాటలు, అన్నిటికంటే ముఖ్యంగా చిన్నపిల్లల క్లాసులో మీ పక్కన నిలబడటం. 2025 సెప్టెంబర్ 7న పునీతుడిగా ప్రకటించిన కార్లో అకుటిస్ 2006లో పదిహేనేళ్ళకే చనిపోయాడు, ఆ వయసుకే తన విచారణలో పిల్లలకి ఉపదేశం చెప్పేవాడు. జీన్స్, కంప్యూటర్ ఉన్న పునీతుడి ఫోటో చూస్తే వాళ్ళ కళ్ళు వేరేగా ఉంటాయి. వాళ్ళ అనుమానాల్ని కొట్టిపారేయకండి, "దేవుడు ఉంటే ఇలా ఎందుకు జరిగింది" అని అడిగే పిల్ల ఇంకా మన గదిలోనే ఉంది కదా.

చివరిగా, రెండు వారాలు రాని పిల్ల ఉంటే ఇంటికి ఫోన్ చేయండి. "ఎందుకు రాలేదు" అని అడగకుండా పిల్లకే ఫోన్ ఇమ్మనండి. పోయిన వారం ఏ కథ చెప్పుకున్నామో రెండు మాటల్లో చెప్పి, గుడ్డ మార్చే వంతు ఈ ఆదివారం నీదే అని చెప్పండి.