విశాఖ–భీమిలి దారిలో రాళ్ల తీరానికి వెళ్లే ముందు జాగ్రత్తలు

• అన్నిటికన్నా ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. మంగమారిపేట దగ్గరి సహజ రాతి తోరణం, చుట్టుపక్కల నీటి గుంతలు ఆటు సమయంలోనే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే, బాగా కనిపిస్తాయి. నీరు ఇంకా వెనక్కి తగ్గుతుండగానే చేరుకోండి, పెరగడం మొదలవగానే తిరుగుముఖం పట్టండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎంత దూరం తగ్గుతుందో అంత పైకీ వస్తుంది.

• వెనక పట్టీ ఉన్న, జారని చెప్పులు వేసుకోండి. పచ్చటి నాచు మీద అడుగు వేయవద్దు. అలలకు వీపు తిప్పి ఫొటోలు అసలే వద్దు.

• గుంత పక్కన నీడ పడకుండా కూర్చుని, కదలకుండా కాసేపు ఆగండి. ఖాళీ గవ్వ అనుకున్నది కాళ్లు బయటపెట్టి నడుస్తుంది. లోపల ఉన్నది సన్యాసి పీత. అందుకే దయచేసి గవ్వలు ఏరుకుపోకండి, దాని ఇల్లు అదే. రాయి ఎత్తితే మళ్లీ ఉన్నచోటే మెల్లగా పెట్టండి.

• జనవరి నుంచి మార్చి వరకు రాత్రివేళ ఇసుక మీద మరీ జాగ్రత్త. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. టార్చి, ఫ్లాష్ వెలిగించకండి, దగ్గరకు వెళ్లకండి. గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

• తాగునీరు, టోపీ, చెత్తకు ఒక సంచి.